పురపాలక మండలి సమావేశం: అజెండా నుంచి అమలు వరకు

(ప్రత్యేక వ్యాసం)

కుళాయి నీరు రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా, మురుగుకాల్వ పొంగి ఇంటి గుమ్మం వరకు వచ్చినా పట్టణ పౌరుడు ముందుగా ఆశ్రయించేది తన వార్డు కౌన్సిలర్‌నే. ఆ కౌన్సిలర్ ఆ సమస్యను అధికారికంగా లేవనెత్తి, దానిపై నిర్ణయం పొందగల ప్రధాన వేదిక పురపాలక మండలి సమావేశం. ఛైర్‌పర్సన్ ఛాంబరులో ఇచ్చిన హామీ, కమిషనర్ ఫోనులో చెప్పిన మాట మండలి నిర్ణయం కాజాలవు. సభ ముందుకు వచ్చి, చర్చ జరిగి, తీర్మానంగా నమోదైనదే మండలి నిర్ణయం. ఇంతటి ప్రాముఖ్యం కలిగిన సమావేశం కొన్ని పట్టణాలలో అర్ధగంటలో ముగిసిపోతున్నది. మరికొన్ని చోట్ల వాగ్వాదాలతో సాయంత్రం వరకు సాగి, అజెండాలోని అంశాలు చర్చకు రాకుండానే వాయిదా పడుతున్నది. పైకి భిన్నంగా కనిపించే ఈ రెండు సందర్భాలలోనూ లోపం ఒక్కటే. సభ్యులు ఏ అంశంపై నిర్ణయం తీసుకోవలసి ఉన్నదో వారికి ముందుగా, స్పష్టంగా తెలియకపోవడమే ఆ లోపం.

పట్టణ స్థానిక సంస్థలకు 74వ రాజ్యాంగ సవరణ ద్వారా రాజ్యాంగ ప్రతిపత్తి లభించింది. ఈ సవరణ 1993 జూన్ 1వ తేదీ నుండి అమలులోకి వచ్చింది. పట్టణ ప్రణాళిక, తాగునీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, వీధిదీపాలు, శ్మశానవాటికలు మొదలుకొని జనన మరణాల నమోదు వరకు 18 అంశాలను పన్నెండవ షెడ్యూలు పేర్కొన్నది. పాలకమండలికి అయిదేళ్ల కాలపరిమితి, గడువు ముగియకముందే ఎన్నికలు, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గని స్థానాలు ఈ సవరణతోనే సంక్రమించాయి. అనంతరం రాష్ట్ర శాసనం మహిళల వాటాను సగానికి పెంచింది. రాష్ట్రంలో పురపాలక సంఘాల నిర్వహణకు 1965 నాటి పురపాలక చట్టం ఆధారం కాగా, నగరపాలక సంస్థలకు వేరుగా కార్పొరేషన్ల చట్టాలు ఉన్నాయి. సమావేశం నోటీసు, కోరం, ఓటింగు, కార్యవివరాల నమోదు మొదలైనవి ఈ చట్టాలు, వాటి కింద రూపొందించిన నియమాల ప్రకారం జరగవలసి ఉంటుంది.

ఆంధ్ర ప్రాంతంలో పురపాలన కొత్తది కాదు. భీమునిపట్నం పురపాలక సంఘం 1861లోనే ఏర్పడింది. స్థానిక సంస్థలలో ఎన్నికైన ప్రతినిధులకు స్థానం పెరగాలన్న రిప్పన్ ప్రభువు తీర్మానం 1882 నాటిది. సభ, అజెండా, తీర్మానం అనే పద్ధతి అప్పటి నుండి వస్తున్నదే. పద్ధతి పాతదైనంత మాత్రాన అలవాటైపోయిందని భావించరాదు. ఎన్నికలు జరిగిన ప్రతిసారీ తొలిసారిగా సభలో అడుగుపెట్టే సభ్యులు పలువురు ఉంటారు.

అజెండాలోనే సగం పని

సమావేశం ఎలా జరుగుతుందో అజెండా ప్రతిని చూసి చాలావరకు చెప్పవచ్చును. యాభై, అరవై అంశాలను ఒకే సమావేశంలో ప్రవేశపెట్టి, ఒక్కొక్కదానికి ఒకటి రెండు వాక్యాల నోటు జతచేసినపుడు సభ్యులు చేయగలిగినది రెండే పనులు. అన్నింటినీ గుత్తగా ఆమోదించడం, లేదా అన్నింటినీ గుత్తగా వ్యతిరేకించడం. అంశాల సంఖ్యను చదువుతూ పోవడం, వెనుక వరుస నుండి "పాస్, పాస్" అనడం, మధ్యాహ్న భోజనానికి ముందే సభ ముగించడం చర్చ అనిపించుకోవు.

చట్టం నిర్దేశించిన నోటీసు గడువు కనీస గడువు మాత్రమే. సభ్యుడు అజెండాను చదివి, తన వార్డులోని స్థలానికి వెళ్లి చూసి, ఇంజనీరును అడిగి తెలుసుకొనేందుకు తగినంత వ్యవధి ఉండేలా ప్రతులను పంపవలసిన బాధ్యత కార్యాలయంపై ఉన్నది. సమావేశం నాటి ఉదయం బల్లపై ఉంచే 'టేబుల్ అజెండా' అత్యవసర సందర్భాలకు ఉద్దేశించినది. అంటువ్యాధి ప్రబలినపుడు, వరద వచ్చినపుడు, న్యాయస్థానం గడువు విధించినపుడు దానిని వినియోగించడం సమంజసమే. దుకాణాల లీజు పొడిగింపు, గుత్తేదారుకు అదనపు మొత్తం మంజూరు వంటివి ఆ దారిన వచ్చినపుడు సభ్యులు కారణం అడగడం సహజం. కారణాన్ని నోటులోనే పేర్కొంటే ఆ అనుమానానికి తావుండదు.

ఇంతకన్నా జాగ్రత్తగా చూడవలసినది ముందే చేసిన పనులకు తరువాత ఆమోదం కోరే అంశాలను. అత్యవసరంగా పని చేయించి, అనంతరం మండలి ఆమోదం పొందే వెసులుబాటు అవసరమే. పగిలిన పైపు తదుపరి సమావేశం వరకు ఆగదు. అయితే అజెండాలో అధిక భాగం ఇటువంటి అంశాలతోనే నిండినపుడు మండలి నిర్ణయాలు తీసుకొనే సభగా కాక, సంతకాలు చేసే సభగా మారిపోతుంది. ఇటువంటి అంశాలను అజెండాలో వేరుగా ఒకచోట చూపి, పని చేసిన తేదీ, ఆగలేకపోవడానికి కారణం, అయిన వ్యయం తెలియజేయడం మేలైన పద్ధతి.

మంచి నోటు ఎలా ఉండాలో ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా చూడవచ్చును. "12వ వార్డులో పైపులైను మార్పిడికి రూ. 9 లక్షల అంచనాను ఆమోదించుటకు" అని వ్రాసినపుడు సభ్యునికి తెలిసినది మొత్తం మాత్రమే. అదే నోటులో పైపు ఎన్నేళ్ల నాటిది, ఎంత పొడవున మార్చాలి, ఎన్ని ఇళ్లకు నీరు అందుతుంది, ఏ నిధి నుండి వ్యయం చేస్తారు, ఆ నిధిలో నిల్వ ఎంత ఉన్నది, పైపు మురుగుకాల్వను ఎక్కడెక్కడ దాటుతున్నది, వాయిదా వేస్తే ఏమవుతుంది అనే వివరాలు ఉన్నచో చర్చ దానంతట అదే సరైన దారిలో సాగుతుంది. ఇవన్నీ ఒక పేజీకి మించవు. చివరి ప్రశ్న ప్రాణాలకు సంబంధించినది. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి, ప్రాణనష్టం సంభవించింది. పైపులు, కాల్వలకు సంబంధించిన అంశం అజెండాలో ఏ సంఖ్య వద్ద ఉన్నదన్నది చిన్న విషయం కాదనడానికి ఆ ఘటనే నిదర్శనం. నీరు, పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం అంశాలను అజెండా ప్రారంభంలో ఉంచాలి. సభ్యులు అలసిపోయిన తరువాత ముప్పై అయిదవ అంశంగా అవి రావడం మంచిది కాదు.

నిధుల పద్దు విషయంలో మరింత స్పష్టత అవసరం. ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగం షరతులతో కూడి ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించింది. అటువంటి నిధిని రహదారి పనికి వినియోగించాలంటూ తీర్మానం చేసినా అది అమలుకు నోచుకోదు. ఈ సంగతిని సభ ముగిసిన తరువాత కాక, నోటు తయారుచేసేటపుడే చెప్పవలసినవాడు లెక్కల అధికారి.

సభా నిర్వహణ

అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి చట్టం ఇచ్చిన అధికారం పెద్దది. సభ్యులు వారిని అంగీకరించేది మాత్రం మాట్లాడే అవకాశాన్ని పంచే తీరును బట్టి. ప్రతిపక్ష సభ్యుడు లేవగానే మైకు ఆపడం వల్ల ఆదా అయ్యే సమయం కన్నా, ఆ తరువాత పోడియం వద్ద జరిగే నిరసనకు పోయే సమయమే అధికం. జీరో అవర్‌కు నిర్ణీత వ్యవధి కేటాయించి, అందులో వచ్చిన ప్రతి ప్రశ్నను వ్రాతపూర్వకంగా నమోదు చేయించి, సమాధానం ఇచ్చే అధికారి పేరును అక్కడే ప్రకటించిన సభలలో అజెండాపై చర్చ సాఫీగా సాగే అవకాశం ఎక్కువ. వీధిదీపం గురించి అడిగేందుకు సభ్యునికి వేరే సమయం లేనపుడు, పట్టణ ప్రణాళికపై చర్చలోనే దానిని లేవనెత్తుతాడు. అందుకు ఆయనను తప్పుపట్టలేము.

ఎవరికి ఓటు ఉన్నది, ఎవరికి లేదు అన్నది సభ ప్రారంభానికి ముందే తేల్చుకోవలసిన విషయం. పురపాలనలో ప్రత్యేక పరిజ్ఞానం లేదా అనుభవం గలవారికి మండలిలో ప్రాతినిధ్యం కల్పించేందుకు రాజ్యాంగంలోని 243-ఆర్ అధికరణం వీలు కల్పించింది. అయితే వారికి ఓటు హక్కు ఉండదని అదే అధికరణం స్పష్టం చేసింది. కమిషనర్ మండలి సభ్యుడు కారు, ఓటు లేదు. ప్రతిపాదన నిబంధనలకు విరుద్ధమైనచో ఆ మాటను సభలోనే చెప్పి, నమోదు చేయించవలసిన విధి మాత్రం ఆయనది. సభలో మౌనం వహించి, తీర్మానం అయిన తరువాత ఫైలును పక్కన పెట్టడం సభకూ, కమిషనర్‌కూ కూడా గౌరవం కాదు. తమకు ఆర్థిక ప్రయోజనం ముడివడి ఉన్న అంశంపై సభ్యులు చర్చకు, ఓటుకు దూరంగా ఉండాలన్న నియమాన్ని కూడా అధ్యక్షులు సందర్భం వచ్చినపుడు గుర్తుచేయాలి.

మహిళా సభ్యుల విషయం ఇక్కడ ప్రస్తావించక తప్పదు. స్థానాలలో సగం వారికి దక్కినప్పటికీ, కొన్నిచోట్ల భర్తలో, బంధువులో వారి తరఫున మాట్లాడే ధోరణి ఇంకా కనిపిస్తున్నది. ఎన్నికకాని వ్యక్తికి సభలో కూర్చునే హక్కు గాని, అధికారులకు ఆదేశాలిచ్చే హక్కు గాని లేదు. అజెండా ప్రతిని సభ్యురాలి చేతికే అందించడం, ప్రశ్నను ఆమెనే అడగమనడం, సమాధానాన్ని ఆమెకే ఇవ్వడం అధికారుల స్థాయిలో చేయగలిగిన పనులు. నీటి సరఫరా వేళల గురించి సభలో అందరికన్నా బాగా తెలిసినవారు తరచుగా వారే.

తీర్మానం: మాటల్లో స్పష్టత

"చర్చించి ఆమోదించడమైనది" అనే రెండు మాటల తీర్మానం ఆరు నెలల తరువాత ఎవరికీ ఏమీ చెప్పదు. ఏ పని, ఎంత మొత్తం, ఏ పద్దు, ఏ అధికారి, ఏ తేదీలోగా అన్నవి తీర్మానంలోనే ఉండాలి. సభ్యులు ప్రతిపాదనను సవరించి ఆమోదించినపుడు, సవరించిన పాఠాన్ని తదుపరి అంశానికి వెళ్లే ముందే బిగ్గరగా చదివి వినిపించాలి. ఇందుకు ఒక నిమిషం పడుతుంది. మేము అన్నది ఒకటి, మినిట్స్ పుస్తకంలో వ్రాసినది మరొకటి అన్న వివాదం, దానిపై పత్రికా ప్రకటనలు, కొన్ని సందర్భాలలో న్యాయస్థానం వరకు వెళ్లే వ్యాజ్యాలు ఆ ఒక్క నిమిషాన్ని ఆదా చేసినందువల్ల పుట్టుకొస్తున్నవే. భిన్నాభిప్రాయం తెలిపిన సభ్యుల పేర్లు, వారి కారణం నమోదు కావాలి. చట్టవిరుద్ధమైన తీర్మానాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. ఆ పరిశీలన జరిగేటపుడు ఎదుట ఉండేది సభలో వినిపించిన కంఠాలు కాదు, పుస్తకంలోని వాక్యాలే.

అమలు నివేదిక

గత సమావేశ తీర్మానాలపై తీసుకున్న చర్యల నివేదికను తదుపరి అజెండాలో మొదటి అంశంగా ఉంచే ఆచారం ఉన్నచోట సభ్యుల ధోరణిలోనే మార్పు వస్తుంది. పూర్తయినవి, పురోగతిలో ఉన్నవి, మొదలుకానివి అని విభజించి, మొదలుకాని వాటికి కారణం వ్రాయడం కార్యాలయానికి పెద్ద పని కాదు. ఇబ్బంది కలిగించే పని మాత్రం నిజమే. అందువల్లనే అది తరచుగా దాటవేయబడుతున్నది.

కారణాలలో ఎక్కువగా కనిపించేది "నిధుల కొరత". దీని పరిమితిని సర్వోన్నత న్యాయస్థానం 1980లోనే నిర్దేశించింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగుకాల్వలు లేక, దుర్గంధంతో ఇబ్బంది పడిన ఒక ప్రాంతవాసులు మేజిస్ట్రేటును ఆశ్రయించగా, పురపాలక సంఘం తన వద్ద డబ్బు లేదన్న వాదనతో చివరి వరకు వెళ్లింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు ఆ వాదనను అంగీకరించలేదు. ప్రజారోగ్య పరిరక్షణ అనే చట్టబద్ధ బాధ్యత నుండి తప్పించుకొనేందుకు ఆర్థిక అశక్తత సాకు కాజాలదని స్పష్టం చేసింది. కనుక అమలు నివేదికలో నిధుల కొరత అని వ్రాసిన ప్రతిచోటా, ఆ నిధిని ఎక్కడి నుండి, ఎప్పటికి సమకూర్చుతారన్న మరో వాక్యం ఉండవలసిందే. బడ్జెట్ సమావేశం అందుకు సరైన సందర్భం. ఏప్రిల్ 1తో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. ఆలోగా గత ఏడాది పెండింగు తీర్మానాల జాబితాను అంచనాల పక్కన పెట్టుకొని చర్చించని మండలి, వాటిని మరో ఏడాది మోయవలసి వస్తుంది.

పాత్రికేయులకు, ప్రత్యేకాధికారులకు

సమాచార హక్కు చట్టం, 2005లోని 4(1)(బి) సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ సంస్థ తన మండళ్లు, కమిటీల సమావేశాలకు ప్రజలను అనుమతిస్తారా, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్నది తనంతట తానే ప్రకటించవలసి ఉన్నది. దరఖాస్తు వచ్చేంత వరకు వేచి ఉండనవసరం లేదు. అజెండాను, ఆమోదం పొందిన మినిట్స్‌ను నోటీసు బోర్డుపైనా, వెబ్‌సైట్‌లోనూ ఉంచితే పాత్రికేయుల పని సులువవుతుంది, కార్యాలయానికి వచ్చే దరఖాస్తులూ తగ్గుతాయి. వాకౌట్లు, నినాదాలు మరునాటి పత్రికలో చోటు సంపాదించుకోవడం సహజం. అయితే టేబుల్ అజెండాగా ఎన్ని అంశాలు వచ్చాయి, ముందే చేసిన పనులకు ఆమోదం కోరినవి ఎన్ని, క్రితం సమావేశ తీర్మానాలలో మొదలుకానివి ఎన్ని అన్న మూడు లెక్కలు పట్టణ పాఠకునికి అంతకన్నా ఎక్కువ చెబుతాయి.

పాలకమండలి లేని కాలంలో దాని అధికారాలను ప్రత్యేకాధికారి వినియోగిస్తారు. అడిగే సభ్యులు లేని ఆ సమయంలో నోటు, తీర్మానం, అమలు నివేదికల ప్రాధాన్యం మరింత పెరుగుతుంది. ఆ కాలంలో తీసుకున్న నిర్ణయాలు, మిగిలిపోయిన పనులు, వాటికి కట్టుబడిన మొత్తాల జాబితాను సిద్ధంచేసి, ఎన్నికల అనంతరం కొలువుదీరే కొత్త మండలి తొలి సాధారణ సమావేశం ముందు ఉంచవలసిన బాధ్యత కమిషనర్‌పై ఉంటుంది.