పట్నం బస్టాండులో దారి తప్పకుండా...

మన హాస్టల్ నుంచి ఈ ఏడు కూడా చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు కౌన్సెలింగ్‌కనో, పోటీ పరీక్షకనో, ఇంటర్వ్యూకనో మొదటిసారి హైదరాబాద్ వెళ్తారు. ఏం చదవాలో చెప్పే సార్లు మనకు ఉన్నారు. పట్నంలో బస్సు ఎక్కడ దిగాలో, తిరిగి ఎక్కడ ఎక్కాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. "అదేమంత పెద్ద విషయం?" అనిపించవచ్చు. ఆ చిన్న విషయం తెలియక నేను ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవిత కాకుండా ఇది రాస్తున్నాను.

అది 2004 ఎండాకాలం. సూర్యాపేటలో తెల్లవారుజామున బస్సెక్కాను. పది గంటలకు పరీక్ష. కేంద్రం కొత్తపేటలోని ఒక కాలేజీ. బస్సు ఎల్.బి.నగర్ దాటాక కిటికీలోంచి మామిడిపండ్ల వాసన గుప్పుమంది. అప్పట్లో పండ్ల మార్కెట్ అక్కడే ఉండేది. దుకాణాల బోర్డుల మీద 'కొత్తపేట' అని చదివాను కూడా. అయినా దిగలేదు. నా లెక్కలో హైదరాబాద్ అంటే బస్టాండు. బస్టాండు వస్తేనే పట్నం వచ్చినట్టు! కండక్టర్‌ని అడుగుదామంటే పక్కవాళ్లు నవ్వుతారేమోనని సిగ్గు. చివరికి బస్టాండులో దిగి, ఏ గేటు ఎటు పోతుందో తెలియక తిరిగి, సిటీ బస్సు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్లేసరికి పది దాటిపోయింది. గేటు మూసేశారు. ఎంత బతిమాలినా తెరవలేదు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఒకే చోటు, రకరకాల పేర్లు

హైదరాబాద్‌లో దూరప్రాంత బస్సుల పెద్ద బస్టాండు మహాత్మాగాంధీ బస్ స్టేషన్. మూసీ నది పాయల మధ్య కట్టిన ఈ బస్టాండు 1994లో మొదలైంది. డెబ్బైకి పైగా ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. టికెట్ల మీద, బోర్డుల మీద ఎం.జి.బి.ఎస్. అని ఉంటుంది. ఆటోవాళ్లు, పాతవాళ్లు ఇమ్లీబన్ అంటారు. ఉర్దూలో ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. పక్కనే గౌలిగూడలో ఉన్న పాత బస్టాండును సి.బి.ఎస్. అనేవారు. ఆ పాత పెద్ద షెడ్డు 2018 జులైలో కూలిపోయింది. షెడ్డు పోయినా పేరు పోలేదు. కాబట్టి ఎవరైనా ఇమ్లీబన్ అన్నా, సి.బి.ఎస్. అన్నా, గౌలిగూడ అన్నా కంగారుపడకండి. అన్నీ ఆ చుట్టుపక్కలవే.

అయితే జె.బి.ఎస్. వేరు. అది సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్. ఎం.జి.బి.ఎస్. నుంచి చాలా దూరం. రెంటికీ చివర 'బి.ఎస్.' ఉంది కదా అని ఒకటి బదులు ఇంకోదానికి వెళ్లి బస్సు పోగొట్టుకున్నవాళ్లు మనలోనే ఉన్నారు.

పట్నానికి నాలుగు దర్వాజాలు

ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు చివరలో మూసీకి వరద వచ్చి ఎం.జి.బి.ఎస్.లోకి నీళ్లు చేరాయి. అప్పుడు ఆర్టీసీ బస్సులను నాలుగు చోట్ల నుంచి నడిపింది. ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, మెదక్ వైపు బస్సులు జె.బి.ఎస్. నుంచి. వరంగల్, హనుమకొండ వైపు ఉప్పల్ నుంచి. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ వైపు ఎల్.బి.నగర్ నుంచి. మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరు వైపు ఆరాంఘర్ నుంచి.

వరద లేని రోజుల్లో కూడా పట్నానికి ఇవే నాలుగు దర్వాజాలు. మీ ఊరి బస్సు ఏ దర్వాజాలోంచి వస్తుందో తెలిస్తే సగం పట్నం తెలిసినట్టే. బయలుదేరే ముందు రోజే మీరు వెళ్లాల్సిన చోటు ఆ దర్వాజాకు దగ్గరో, బస్టాండుకు దగ్గరో కనుక్కోండి. కండక్టర్‌ని "హైదరాబాద్ ఎప్పుడొస్తుంది?" అని అడగకండి. "నేను ఫలానా చోటికి పోవాలి, ఎక్కడ దిగితే దగ్గర?" అని అడగండి.

ఇప్పుడు మెట్రో రైలు ఉంది కాబట్టి ఇంకా సులువు. ఎల్.బి.నగర్ నుంచి మియాపూర్ వెళ్లే లైను, జె.బి.ఎస్. నుంచి వచ్చే లైను రెండూ ఎం.జి.బి.ఎస్. దగ్గర కలుస్తాయి. 2020 ఫిబ్రవరిలో జె.బి.ఎస్. లైను మొదలయ్యాక రెండు బస్టాండ్ల మధ్య ట్రాఫిక్ గొడవ లేకుండా వెళ్లవచ్చు. నేను ఆనాడు దిగాల్సిన కొత్తపేటకు ఇప్పుడు విక్టోరియా మెమోరియల్ స్టేషన్ ఉంది. కాకపోతే మెట్రో ఉదయం ఆరు గంటల ప్రాంతంలోగానీ మొదలుకాదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో దిగితే తొందరపడి ఒంటరిగా బయటికి వెళ్లవద్దు. జనం, వెలుతురు ఉన్నచోట బస్టాండులోనే కూర్చుని, తెల్లారాక కదలండి.

తిరుగు ప్రయాణం

బస్టాండులోకి రాగానే ముందు ఎంక్వయిరీకి వెళ్లండి. మీ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో, తర్వాతిది ఎన్నింటికో అడగండి. బస్సు ముందున్న బోర్డు చదివి, ఎక్కే ముందు కండక్టర్‌నో డ్రైవర్‌నో మరోసారి "మా ఊళ్లో ఆగుతుందా?" అని అడగండి. విజయవాడ బస్సులన్నీ సూర్యాపేట బస్టాండు లోపలికి రావాలని లేదు. నాన్‌స్టాప్ ఎక్కి ఊరి పక్కనుంచే వెళ్లిపోతే ఎవరినీ అనడానికి లేదు.

పల్లెవెలుగు దాదాపు ప్రతి ఊళ్లో ఆగుతుంది, ఛార్జీ తక్కువ. ఎక్స్‌ప్రెస్ పెద్ద ఊళ్లలో ఆగుతుంది. డీలక్స్, సూపర్ లగ్జరీ ఆ పైవి. రాజధాని, గరుడ ఏసీ బస్సులు. తెలంగాణ ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచిత ప్రయాణం ఉంది. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆ రాష్ట్ర మహిళలకు ఇలాంటి సౌకర్యం వచ్చింది. కానీ చెల్లెళ్లూ, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు కట్టాల్సిందే. ఖాళీగా ఉంది కదా అని ఎక్కకుండా బస్సు మీద రాసిన పేరు చూసుకోండి.

పండుగలకు, సెలవులకు ముందే రిజర్వేషన్ చేయించుకోవడం మంచిది. అలాంటి బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే మన విద్య పనికిరాదు! టికెట్ మీద మూడు విషయాలు చూడండి: సర్వీసు నంబరు, ఎక్కాల్సిన చోటు, ఆ చోట బస్సు బయలుదేరే టైము. కొన్ని బస్సులు మియాపూర్ వైపు నుంచి మొదలై, ఎం.జి.బి.ఎస్. లోపలికి రాకుండానే వెళ్లిపోతాయి. టికెట్‌లో ఒక చోటు ఉంటే మీరు ఇంకోచోట నిలబడకూడదు. కనీసం అరగంట ముందు అక్కడ ఉండండి.

బస్టాండు గేటు బయట ఊళ్ల పేర్లు పిలుస్తూ చేయి పట్టి లాగేవాళ్లు ఉంటారు. నన్ను కూడా ఒకసారి అలాగే ఎక్కించుకుని, రాత్రిపూట సగం దారిలో దింపి వేరే బండి చూసుకోమన్నారు. ఛార్జీ వాపసు రాలేదు. టికెట్ ఇవ్వని బండి ఎక్కవద్దు.

సర్టిఫికెట్ల సంచి

ఒరిజినల్ సర్టిఫికెట్లు పైన ర్యాక్‌లో, డిక్కీలో పెట్టకండి. ఒళ్లోనే ఉండాలి. ఒక జిరాక్స్ సెట్టు హాస్టల్‌లోనే వదిలి వెళ్లండి. సంచిలో మీ పేరు, హాస్టల్ ఫోన్ నంబరు రాసిన చీటీ వేయండి. దిగిన తర్వాత కూడా టికెట్ పారేయకండి. ఏదైనా మరచిపోతే అది ఏ డిపో బస్సో, ఏ సర్వీసో చెప్పేది ఆ చిన్న కాగితమే. దాన్ని పట్టుకుని వెంటనే ఎంక్వయిరీలో చెప్పాలి.

చివరగా

అడగందే అమ్మయినా పెట్టదంటారు. బస్టాండులో రోజూ వేలమంది దారి అడుగుతారు. ఎంక్వయిరీలో కూర్చున్నాయనకు మీరు అందులో ఒకరు, అంతే. మన యాస చూసో, మన చెప్పులు చూసో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. బస్సు దొరికాక వాళ్లు మళ్లీ మనకు కనిపించరు. పోయిన పరీక్ష మాత్రం ఏళ్లపాటు గుర్తుంటుంది.

నాతోటి పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మనలో చాలామందిమి హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. వార్డెన్ సార్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, అందులో మన పేరు, ఫోన్ నంబరు, ఉంటున్న ఏరియా రాద్దాం. ఎల్.బి.నగర్ వైపు ఒకరు, ఉప్పల్ వైపు ఒకరు, జె.బి.ఎస్. దగ్గర ఒకరు ఉన్నా చాలు. తెల్లవారుజామున దిగిన తమ్ముడు ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఎత్తుదాం. 2004లో నాకు అలాంటి నంబరు ఒక్కటి కూడా లేదు. ఆ నోట్‌బుక్‌లో మొదటి పేరు నాదే రాస్తున్నాను.