'సైకో' చిత్రం – మనోవ్యాధి

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' చిత్రంలో హత్యలు చేసినది తల్లి కాదనీ, తల్లి వేషం ధరించిన కుమారుడు నార్మన్ బేట్స్ అనీ చివరకు తెలుస్తుంది. అతని మనస్సులో తల్లీ కొడుకులిద్దరూ ఉన్నారని అందులోని మానసిక వైద్యుడు వివరిస్తాడు.

ఒకే వ్యక్తిలో భిన్న వ్యక్తిత్వాలు పొడచూపే రుగ్మత నిజంగానే ఉన్నది. 'మల్టిపుల్ పర్సనాలిటీ' అనే పూర్వనామాన్ని 1994లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 'డిసోషియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్'గా మార్చింది. చాలామంది రోగుల గతంలో బాల్యంలో అనుభవించిన తీవ్రమైన హింస కనిపిస్తుంది. వారివల్ల ఇతరులకన్న వారికే ఎక్కువ ప్రమాదం. ఆత్మహత్యాప్రయత్నాలు వీరిలో అధికం. దీనినే స్కిజోఫ్రెనియా అనుకోవడం పొరపాటు. అందులో వ్యక్తిత్వం రెండుగా చీలదు. లేని మాటలు వినిపించడం, నిరాధారమైన అనుమానాలు పీడించడం దాని లక్షణాలు.

చిత్రం కల్పించిన భయం మాత్రం మిగిలిపోయింది. 'సైకో' అన్నది తెలుగులోనూ తిట్టయింది. ఆ మాటకు వెరచి, పెళ్ళి సంబంధాలు చెడతాయని, పిల్లల వ్యాధిని దాచే తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. దాచిన కొద్దీ చికిత్స ఆలస్యమవుతుంది. మధుమేహానికి వెళ్ళినట్లే దీనికీ వైద్యుని వద్దకు వెళ్ళాలి. ప్రాణాపాయం శంకించినప్పుడు అమెరికాలో 2022 నుండి 988 అనే ఫోను నంబరు రాత్రింబగళ్ళు అందుబాటులో ఉన్నది.