చిన్న బోర్డుకు ప్యాకేజీలు తయారగు విధము

మన బల్లమీది కంప్యూటరు కొరకు కంపైలు చేసిన ప్రోగ్రామును అట్లే ఒక చిన్న లినక్సు బోర్డులోనికి ఎక్కించినచో సాధారణముగా అది నడవదు. రెంటిలోను ఉన్నది లినక్సే గదా! మరి కారణమేమి?

ప్రోగ్రామును మనుష్యుడు తనకు అర్థమగు భాషలో వ్రాయును. దీనిని మూలపాఠము అందము. దానిని ప్రాసెసరు ఎరిగిన ఆదేశములుగా మార్చునది కంపైలరు. బల్లమీది కంప్యూటర్లలో ఎక్కువగా ఇంటెల్ జాతి ప్రాసెసర్లు, చిన్న బోర్డులలో తరచు ఏ.ఆర్.ఎం. జాతి ప్రాసెసర్లు ఉండును. ఒక జాతి ఆదేశములు మరియొక జాతికి తెలియవు. కనుక మూలపాఠము ఒక్కటే అయినను, ఒక్కొక్క జాతికి వేరుగా కంపైలు చేయవలెను.

ఇట్లు తయారైన ప్రోగ్రామును, అది ఏ జాతి ప్రాసెసరుకు చెందినది, దానికి తోడుగా ఏ ఇతర ప్యాకేజీలు కావలెను అను వివరములతో చేర్చి ఒక మూటగా కట్టుదురు. ఇదియే ప్యాకేజీ. డెబియన్ పద్ధతిలో 'ఆప్ట్' అను సాధనము ఈ వివరములను చదివి కావలసినవన్నియు తెచ్చును. 'డీపీకేజీ' అనునది వానిని విప్పి తగిన చోట్ల అమర్చును. జాతి సరిపడని ప్యాకేజీని అది స్వీకరింపదు.

జాతి ఒక్కటే అయినంత మాత్రమున చాలునా? చాలదు. మనుమలు వాడు కొత్త మాటలు తాతలకు తెలియనట్లే, కొత్త తరపు ఆదేశములు పాత తరపు ప్రాసెసరుకు తెలియవు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకమునకు వచ్చిన రాస్ప్‌బెరీ పై బోర్డు ఇందుకు మంచి ఉదాహరణము. దాని వేగము 700 మెగాహెర్ట్‌జులు, మెమరీ 256 మెగాబైట్లు. అది ఏ.ఆర్.ఎం. ఆరవ తరపు ప్రాసెసరు. దశాంశ గణితమునకు అందులో ప్రత్యేక భాగము కలదు. నాడు డెబియన్ వారు ఏ.ఆర్.ఎం. కొరకు రెండు రకముల ప్యాకేజీలు తయారు చేయుచుండిరి. మొదటి రకము పాత ప్రాసెసర్లలోను నడచును. కాని ఆ ప్రత్యేక భాగమును వాడుకొనదు, అందుచే దశాంశ గణితము నెమ్మదించును. రెండవ రకము దానిని వాడును. కాని ఏడవ తరపు ఆదేశములను కోరును.

మూలపాఠములు బహిరంగముగా లభించుటచే ఈ చిక్కు వీడినది. మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ పూనుకొని, 35,000కు పైగా ప్యాకేజీలను ఆరవ తరమునకు తగినట్లు, దశాంశ భాగమును వాడునట్లు తిరిగి కంపైలు చేయించిరి. తొలి విడత 2012 జూన్‌లో ముగిసెను. దీని పేరు రాస్ప్‌బియన్.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. రాస్ప్‌బియన్ ప్యాకేజీలకును, డెబియన్ రెండవ రకపు ప్యాకేజీలకును గుర్తుగా ఉంచిన పేరు ఒక్కటే: 'ఆర్మ్‌హెచ్‌ఎఫ్'. అందుచే ఆ తొలి బోర్డులో డెబియన్ ప్యాకేజీని ఎక్కించినచో 'డీపీకేజీ' అడ్డు చెప్పదు. కాని ప్రోగ్రాము నడచునప్పుడు, తెలియని ఆదేశము ఎదురుకాగానే ఆగిపోవును. కావున పేరు చూచిన చాలదు. ప్యాకేజీ ఎవరి నిలయము నుండి వచ్చినదో కూడ చూడవలెను.

పెద్ద ప్రోగ్రామును బోర్డులోనే కంపైలు చేయుటకు మెమరీ చాలకపోవచ్చును. అప్పుడు ఆ పనిని పెద్ద కంప్యూటరులో, బోర్డు ప్రాసెసరుకు తగిన ఆదేశములు వచ్చునట్లు చేయవచ్చును. దీనిని క్రాస్ కంపైలింగు అందురు. ప్రోగ్రాము ఆధారపడు లైబ్రరీలు కూడ బోర్డుకు చెందినవే కావలెను.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. సి భాషలో నాలుగు పంక్తుల ప్రోగ్రామును కంప్యూటరులోను, బోర్డులోను వేరువేరుగా కంపైలు చేసి, రెంటిని 'ఫైల్' అను ఆదేశముతో చూడుడు. ఏది ఏ జాతిదో తెలియును. పిమ్మట కంప్యూటరులో తయారైనదానిని బోర్డులో నడపజూడుడు.