డక్ అంటే ఒక్క బాతేనా?

ఇంగ్లీషు రాకపోవుడు వేరు, ఇంగ్లీషు చదివే తరీక ఎవ్వలు చెప్పకపోవుడు వేరు. ఊర్లల్ల సదువుకున్న మనకు జరిగింది రెండోది. నోట్‌బుక్కుల నడుమ గీత కొట్టి, ఈ దిక్కు ఇంగ్లీషు మాట, ఆ దిక్కు తెలుగు అర్థం. డక్ అంటే బాతు. బట్టీ పట్టు, అప్పజెప్పు, అయిపాయె. రేపు ఉద్యోగం పరీక్షల ‘హి డక్డ్ ద క్వశ్చన్’ అని వస్తే, ‘ప్రశ్నను బాతు చేసుడేంది?’ అని పెన్ను కొరుక్కుంట కూసుంటం. తప్పు పిల్లలది కాదు, నడుమ కొట్టిన ఆ గీతది అంటున్న నేను. ఎందుకో ఈ ఒక్క డక్ మాట పట్టుకొని చూద్దాం.

ముందుగాల దాని పుట్టుక. వెయ్యేండ్ల కిందటి పాత ఇంగ్లీషుల బాతుకు ‘ఎనెడ్’ అని వేరే పేరుండె. డక్ అన్నది అసలు మునుగుడు అనే పనికి సంబంధించిన మాట. జర్మన్, డచ్చు భాషలల్ల దీనికి చుట్టమయ్యే మాటలకు ఇయ్యాల్టికీ మునుగుడు అనే అర్థం. నీళ్లల్ల తలకాయ ముంచుతది గనుక పిట్టకు ‘మునిగేది’ అని పేరు పడ్డది. చెట్టును తొలిచే పిట్టను మనం వడ్రంగి పిట్ట అనలేదా? గట్లనే. చేసే పనే పేరైంది.

ఈ సంగతి తెలిస్తే మిగిలిన అర్థాలు వరుసల పడ్తయి. మునుగుడంటే తల కిందికి పోవుడు. అందుకే బౌన్సర్ మీదికొస్తే బ్యాట్స్‌మన్ ‘డక్’ చేసిండు అంటరు, అంటే చటుక్కున తల వంచిండు. తల వంచితే దెబ్బ తప్పుతది. అక్కడి నుంచి ‘తప్పించుకునుడు’ అనే అర్థం వచ్చింది. ఊర్లె నీళ్లు ఎందుకు వస్తలేవని నాయకుణ్ణి అడిగితే, ఆయన పండుగ శుభాకాంక్షలు చెప్పి కారెక్కిండనుకో, ‘హి డక్డ్ ద క్వశ్చన్’. మనం ప్రశ్న ‘నుంచి’ తప్పించుకున్నడు అంటం గదా అని ఇక్కడ ‘ఫ్రమ్’ పెట్టొద్దు. డక్ పక్కన నేరుగా ‘ద క్వశ్చన్’ వస్తది.

మరి ఎక్కడ పిట్ట, ఎక్కడ పని? మాట ఏ జాగల కూసున్నదో చూడాలె. ముందట ‘ఎ’, ‘ద’, ‘మై’ లాంటియి ఉంటే అది పేరు: ‘ఐ సా ఎ డక్’, బాతును చూసిన. ముందట ‘కెన్’, ‘విల్’, ‘డోంట్’ ఉన్నా, ఎనుక ‘ఈడీ’ ఉన్నా అది పని: ‘యూ కెన్ డక్’, నువ్వు వంగొచ్చు. ఎనుక ‘ఎస్’ ఉంటే జర ఆగాలె. ‘టూ డక్స్’ అంటే రెండు బాతులు. ‘హి డక్స్’ అంటే వాడు వంగుతడు.

ఇంకో చిన్న కిటుకు. ‘ఐ వాంట్ ఎ డక్’ అంటే ఒక బాతు కావాలె. ‘ఎ’ తీసేసి ‘ఐ వాంట్ డక్’ అంటే బాతు కూర కావాలె. చికెన్ కూడా అంతే: ‘ఎ చికెన్’ అంటే కోడి, ఉత్త ‘చికెన్’ అంటే కూర. ఒక్క అక్షరం తోని బాతు చెరువుల నుంచి గిన్నెలకు వస్తది.

క్రికెట్ డక్ సంగతి వేరు. అది పిట్ట కాదు, గుడ్డు. సున్న బాతుగుడ్డు లెక్క ఉంటదని ‘డక్స్ ఎగ్’ అన్నరు, తర్వాత గుడ్డు పోయి డక్ మిగిలింది. మొదటి బంతికే పోతే గోల్డెన్ డక్. ఎంత పెద్దోడినైనా ఇది ఇడ్వదు. 1948 ఆగస్టు 14న లండన్ ఓవల్ మైదానంల డాన్ బ్రాడ్‌మన్ ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌కు వచ్చిండు. నాలుగు పరుగులు కొడితే టెస్టు సగటు 100. ఎరిక్ హోలీస్ బౌలింగ్‌ల రెండో బంతికే బౌల్డ్. సగటు 99.94 కాడ ఆగింది.

మనం ‘డకౌట్’ అంటం గానీ, ఇంగ్లీషోళ్లు ‘అవుట్ ఫర్ ఎ డక్’ అంటరు. వాళ్ల దిక్కు ‘డక్ అవుట్’ అంటే మెల్లగ జారుకునుడు. ఇగ ఆటగాళ్లు కూసునే ‘డగౌట్’ పూరాగ వేరే మాట. అది ‘డిగ్’ నుంచి వచ్చింది, అంటే తవ్వుడు.

సామెతలల్ల కూడా బాతు ఉన్నది. బాతు తోక కాడ నూనె గ్రంథి ఉంటది. ఆ నూనెను ముక్కుతోని ఈకలకు రాసుకుంటది, నీళ్లు అంటవు. అందుకే ఎన్ని తిట్టినా అంటనోని గురించి ‘వాటర్ ఆఫ్ ఎ డక్స్ బ్యాక్’ అంటరు. మనం తామరాకు మీద నీటిబొట్టు అంటం. మాట వేరు, చూపు ఒక్కటే. కుంటి బాతు, అంటే ‘లేమ్ డక్’, మొదట లండన్ షేర్ బజార్‌ల అప్పు కట్టలేనోని పేరు. ఇప్పుడు పదవి దిగిపోయే ముందు కుర్చీల ఉన్న నాయకుని పేరు. పేపర్ల అమెరికా వార్తలల్ల ఈ మాట కనబడితే బాతు బొమ్మ కోసం ఎతకొద్దు.

ఇదంతా కొత్త ఇద్య ఏం కాదు. ‘చెప్పు యాడున్నదో చెప్పు’ అంటే మీరు ఆగుతరా? మొదటి చెప్పు కాలిది, రెండోది నోటిది. ‘కాలు కాలింది’ అంటే డిక్షనరీ తీస్తరా? వాక్యంల జాగను బట్టి అర్థం పట్టుడు మనకు పుట్టుకతోనే వచ్చింది. బడిల ఆ నడుమ గీత దాన్ని మూల కూసోబెట్టింది, అంతే.

అందుకే ఇగ నుంచి మాటను ఒంటిగ రాసుకోవద్దు. ఒక్క అర్థం పక్కన మూడు వాక్యాలు రాయుండ్రి. ‘క్రేన్’ తోని మొదలుపెట్టుండ్రి. అది మెడ చాచే కొంగ జాతి పిట్ట, ఆ పిట్ట లెక్క ఉన్నదని పేరు పడ్డ బరువులెత్తే మిషన్, గుంపుల ఎనుక నిలబడి మెడ చాచి చూసుడు. మూడింటికి మూడు వాక్యాలు మీరే కట్టుండ్రి.