సార్థవాహుల దారిలో దాతల పేర్లు

అమరకోశం చదివినవారికి వైశ్యవర్గంలో వర్తకునికి చెప్పిన పర్యాయపదాలు జ్ఞాపకముంటాయి. వాటిలో సార్థవాహుడు, నైగముడు అనే రెండు మాటలున్నాయి. సార్థమంటే దూరదేశాలకు కలిసి ప్రయాణించే వర్తకుల బిడారు. దానిని నడిపించేవాడు సార్థవాహుడు. నిగమమంటే వర్తకుల పట్టణం, వారి సంఘం. దానికి చెందినవాడు నైగముడు. ఈ మాటల వెనుక ఉన్న జీవితం మన గుంటూరు, ప్రకాశం సీమలలో రాళ్లమీద నేటికీ కనబడుతుంది. ఆ రాళ్లను గూర్చి యాత్రికులకు, దాతలకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేడు పత్తి బేళ్లు, మిరప టిక్కీలు నింపుకొని లారీలు తిరిగే ఈ నేలమీద రెండువేల ఏండ్లనాడు ఎడ్లబండ్లు నడిచాయి. ఆనాడు మిరప లేదు. అది పోర్చుగీసువారి కాలంలో సముద్రం దాటి వచ్చిన పంట. మన పూర్వులెరిగిన కారం మిరియాలదే. పత్తి మాత్రం ప్రాచీనమైనది. కృష్ణానది సముద్రంలో కలిసేచోటి రేవులలో దిగిన సరుకు ధాన్యకటకానికి, అనగా నేటి అమరావతికి, అక్కడినుండి నాగార్జునకొండ లోయలోని విజయపురికి, ఆపైన పడమటి దేశాలకు చేరేది. మరొక దారి గుండ్లకమ్మ మీదుగా కంచి వైపు సాగేది. ఆ నది దగ్గర చందవరం కొండమీద ఉన్న బౌద్ధస్తూపం కాశీ, కంచి నగరాల మధ్య ప్రయాణించే భిక్షువులకు మజిలీ అని చెబుతారు.

దారి ఉన్నచోట మజిలీ, మజిలీ ఉన్నచోట దేవస్థానమో విహారమో వెలిసేవి. వాటిని కట్టినది రాజులు మాత్రమే కాదు. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినప్పుడు ధాతువులుంచిన రాతి కరండాలు బయల్పడ్డాయి. వాటిమీది శాసనాలు క్రీస్తుకు పూర్వపువి. వాటిలో కుబిరకుడనే రాజు పేరుతోపాటు నిగమ సభ్యుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. అమరకోశంలోని నైగములు వీరే.

అమరావతి శాసనాలలో నన్ను మిక్కిలి కదిలించినది ఒక చర్మకారునిది. అతని పేరు విధికుడు, ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, బంధుమిత్రులు, ఇందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక రాతిఫలకాన్ని సమర్పించాడు. ఎందరో ప్రభువుల పేర్లు కాలగర్భంలో కలిసిపోయినా ఈ చెప్పులు కుట్టేవాని కుటుంబం నిలిచింది. దానం పెద్దదా చిన్నదా అని రాయి అడుగలేదు.

నాగార్జునకొండలో ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, తామ్రపర్ణి మొదలైన దేశాల పేర్లున్నాయి. ఆసియా ఖండాన్ని కలిపిన మహామార్గాల మీది గాంధార, చీనా దేశాల పేర్లు పల్నాటి లోయలో ఒక గృహిణి వేయించిన రాతిమీద ఉండడం సామాన్య విషయం కాదు. బాటలు సరుకుతోపాటు ధర్మాన్ని కూడా మోశాయి.

బాట క్షేమంగా ఉండాలంటే పాలకుడు ధర్మాత్ముడు కావాలి. దీనికి చీరాలకు చేరువలో ఉన్న మోటుపల్లి సాక్షి. అక్కడి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవ చక్రవర్తి శకవర్షం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన సరుకును పూర్వరాజులు బలాత్కారంగా తీసుకొనేవారు. ధనం ప్రాణంకంటె ప్రియమైనది కనుక, ప్రాణాలకు తెగించి సముద్రం దాటివచ్చిన వర్తకులపై దయతో, క్లుప్తశుల్కం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని చక్రవర్తి ప్రకటించాడు. క్లుప్తమంటే ముందుగా నిర్ణయించినది. ఆ సుంకం ముప్పదింట ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, మిరియాలు మొదలైన సరుకుల పేర్లు అందులో ఉన్నాయి. రాజాజ్ఞకు తగినచోటు దేవుని సన్నిధి అని ఆనాటివారు భావించారు.

ఇంతటి సంపదలో మనం పోగొట్టుకొన్నదే ఎక్కువ. 1797లో కల్నల్ మెకంజీ అమరావతికి వచ్చేనాటికే స్తూపపు రాళ్లను ఇండ్ల కట్టడానికి తరలిస్తున్నారు. ఎన్నో శిల్పాలు సున్నపు బట్టీలలో కాలిపోయాయి. మిగిలినవాటిలో అనేకం నేడు లండనులో, చెన్నైలో ఉన్నాయి.

ఆనాటివారిని నిందించి ప్రయోజనం లేదు. నేడు జీర్ణోద్ధరణ పేరుతో పాత స్తంభాలకు రంగులు పూయడం, అక్షరాలున్న రాతిని మెట్టుగా వేయడం, పాతరాయిని తీసి నునుపైన పలకలు పరచడం మనం చూస్తూనే ఉన్నాం. చేసేవారి భక్తిని నేను శంకించను. కాని క్రొత్తదాత పేరు నిలపడానికి పాతదాత పేరును చెరపడం దానం అనిపించుకోదు. ధర్మశాస్త్రకారులు స్వయంగా ఇచ్చినదానికంటె పరులిచ్చినదానిని రక్షించడమే గొప్పదని చెప్పారు.

కనుక దాతలకు నా విన్నపం. మీ ద్రవ్యంతో ఏ గుడినైనా బాగుచేయించేముందు అక్కడి స్తంభాలను, గడపలను, ఆవరణలో పడి ఉన్న రాళ్లను ఒకసారి పరీక్షింపజేయండి. అక్షరాలు కనబడితే సున్నం గాని రంగు గాని వేయనీయక పురావస్తు శాఖవారికి తెలియజేయండి. యాత్రికులు అమరేశ్వరుని దర్శించుకొన్న తరువాత ఒక గడియ స్తూపం దగ్గర కూడా నిలువండి. మోటుపల్లిలో వీరభద్రునికి నమస్కరించి ఆ శాసనస్తంభాన్ని కూడా చూడండి. ఆ దాతల పేర్లలో ఒక్కటైనా పిల్లలచేత పలికించండి.

స్వస్తి.