చలిలోనూ నూలే
మంగళగిరి లాంగ్ ఫ్రాక్‌ను నవంబర్‌లో పెట్టెలో పెట్టేయక్కర్లేదు. వెతకడం తెలియాలే గానీ, సరోజినీ నగర్ గుట్టల్లో దానికి తగిన తోడు దొరుకుతుంది.

దీపావళి వెళ్లిన వారానికల్లా దక్షిణ ఢిల్లీలోని సరోజినీ నగర్ మార్కెట్ రూపు మారిపోతుంది. అప్పటిదాకా చేతుల్లేని టాప్‌లు, పలచటి స్కర్టులు వేలాడిన కొక్కేలకు స్వెట్టర్లు ఎక్కుతాయి. నేల మీద పరిచిన పట్టాలపై జాకెట్ల గుట్టలు లేస్తాయి. బల్లల మీద నిలబడ్డ కుర్రాళ్లు గుట్ట ధరను గొంతు చించుకుని అరుస్తుంటారు. ఆ గుట్టల్లో మోచేతుల దాకా చేతులు దూర్చి వెతికేవారిలో తెలుగు అమ్మాయిలు ఏటా కనిపిస్తారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనో జేఎన్‌యూలోనో సీటు వచ్చినవారు, ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో చేరినవారు, గుర్గావ్‌లో తొలి ఉద్యోగం చేస్తున్నవారు. వారికిది మొదటి ఉత్తరాది చలికాలం. సూట్‌కేసులో ఉన్నవి మాత్రం మంగళగిరి, పోచంపల్లి, పెడన కలంకారీ నూలు బట్టలతో ఊళ్లో దర్జీ దగ్గర కుట్టించుకున్న పొడుగు గౌన్లు.

వాటిని అడుగున పెట్టేసి, ఉన్న డబ్బంతా పెట్టి కొత్త బట్టలు కొనుక్కోవడమే చాలామంది చేసే పని. హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు పోను చేతిలో మిగిలేదెంతో తెలిసినవారికి ఆ ఖర్చు చిన్నది కాదు. నాలుగు నెలలు పోతే ఆ ఉన్ని సరంజామాతో మళ్లీ పనుండదు. సెలవులకు హైదరాబాద్ వచ్చినా, విజయవాడ వచ్చినా వాటిని తొడుక్కునే చలి ఉండదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఏం కొనాలని కాదు. ఉన్న నూలు గౌనును చలికి పనికొచ్చేలా ఎలా వేసుకోవాలని.

ఢిల్లీ చలి గురించి ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. జనవరిలో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత సగటున ఏడెనిమిది డిగ్రీలకు దిగుతుంది. చలిగాలులు వీచే రోజుల్లో మూడు, నాలుగు కూడా చూడొచ్చు. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు వినే అంకెల ముందు ఇవి ఏపాటివని అనిపిస్తాయి. కానీ అక్కడ తలుపు తీసుకుని లోపలికి వెళ్లగానే వెచ్చగా ఉంటుంది, కోటు తీసి తగిలించేస్తారు. ఢిల్లీలో ఇళ్లకు ఆ ఏర్పాటు లేదు. పొగమంచు పట్టిన రోజు తరగతి గది, అద్దె గది, లైబ్రరీ అన్నీ బయటి లాగే చల్లగా ఉంటాయి. పైన బరువైన కోటొకటి పడేసుకుంటే చాలదు, రోజంతా ఒంటి మీద ఉండే పొరలే కాపాడాలి.

నూలును వేసవి బట్టగా చూడటానికి కారణం ఉంది. అది తేమను బాగా పీల్చుకుంటుంది. తడిసిన నూలు ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. మెట్రో మెట్లు గబగబా ఎక్కి చెమట పట్టినవారు, పైకి రాగానే వణికేది అందుకే. ఉన్ని నూలు కంటే ఎక్కువ తేమను పీల్చుకున్నా, పోగుల్లోని ముడతల మధ్య గాలిని వదలకుండా పట్టి ఉంచుతుంది. వెచ్చదనమంటే నిజానికి ఆ కదలని గాలే. కాబట్టి చలిలో పొడుగు నూలు గౌను ఒంటికి అంటుకోకూడదు, నేరుగా గాలికీ ఎదురు పడకూడదు. దాని చోటు మధ్యలో. కింద ఒంటికి అతుక్కునే పలచటి ఇన్నర్, పైన గాలిని ఆపే జాకెట్టో శాలువానో ఉంటే, మధ్యలో వదులుగా జారే గౌను రెండు పక్కలా గాలిని బంధిస్తుంది. ఆ పని బిగుతు జీన్స్ చేయలేదు.

ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. కశ్మీరీలు చలికాలమంతా వేసుకునే ఫెరన్ పొడుగు గౌనే. ఉన్ని ఫెరన్ కింద అదే ఆకారంలో నూలు గుడ్డతో కుట్టిన లోపొర ఒకటి ఉంటుంది. రెండూ వదులే. రెండింటి మధ్యా గాలి. లోపల కాంగ్రీ అనే నిప్పుల కుంపటిని పట్టుకుని తిరిగేవారికి ఆ వదులుతనం అవసరం కూడా. మన దగ్గర పాత చీరలను మడతలు పెట్టి కుట్టిన బొంత చేసే పనీ ఇదే. నూలు మీద నూలు, మధ్యన గాలి.

సరోజినీ నగర్‌లో ముందుగా వెతకాల్సినవి కంటికి కనిపించనివి. ఇక్కడి దుకాణాల్లో వార్మర్, ఇన్నర్ అని పిలిచే థర్మల్స్, లోపల నూగున్న లెగ్గింగ్స్, మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు. గుండ్రటి మెడ ఇన్నర్ కొంటే గౌను మెడలోంచి తొంగిచూస్తుంది. వెనకా ముందూ లోతుగా ఉన్నదే తీసుకోవాలి, లేదా నల్లటి హైనెక్ తీసుకుని అది కనిపించేలాగే వేసుకోవాలి. సగం కనిపించి సగం దాక్కునే ఇన్నర్ అంత అన్యాయం మరొకటి లేదు. చేతుల్లేని ఇకత్ గౌను కింద మెరూన్ హైనెక్ వేసుకుంటే, కావాలని కుట్టించుకున్నట్టే ఉంటుంది.

తర్వాత వచ్చే చిక్కు నడకలో తెలుస్తుంది. నూగు లెగ్గింగ్స్ మీద నూలు బట్ట జారదు. నాలుగడుగులు వేసేసరికి గౌను మోకాళ్ల మధ్య చిక్కుకుని పైకి పాకుతుంది. దీనికి మందు మన ఇళ్లలోనే ఉంది. చీర కింద కట్టుకునే శాటిన్ లంగా. నడుం దగ్గర కాస్త తగ్గించి గౌను కింద వేసుకుంటే బట్ట నీటుగా జారుతుంది, ఇంకో పొర గాలి కూడా చేరుతుంది. ఈ కిటుకు చీర కట్టే అలవాటున్నవారికి వెంటనే తడుతుంది.

ఇక జాకెట్టు. (మన రవికె కాదు, ఉత్తరాది కోటు.) పొడుగు గౌను మీద తుంటి మధ్యకొచ్చే కోటు వేస్తే మనిషి రెండు ముక్కలైనట్టు, పొట్టిగా కనిపిస్తుంది. నడుం దగ్గర ఆగిపోయే డెనిమ్ జాకెట్టు అయినా తీసుకోవాలి, మోకాలు దాటే పొడుగు కోటు అయినా తీసుకుని బొత్తాలు పెట్టకుండా వదిలేయాలి. కుచ్చులు ఎక్కువున్న అనార్కలీ తరహా గౌనుకు పొట్టి జాకెట్టు, తిన్నగా జారే మంగళగిరికి పొడుగు కోటు నప్పుతాయి. మంగళగిరి బట్టకు అందమంతా నిజాం అంచులో ఉంటుంది. గోపురాల్లాంటి ఆ జరీ పళ్లు పాదాల దగ్గర కనిపించేలా కోటు అంతకు జానెడు పైనే ఆగాలి. లోపల దూదిపరిచి కుట్టిన నూలు జాకెట్లు కూడా ఈ మార్కెట్లో దొరుకుతాయి. కలంకారీ మీద అచ్చుల జాకెట్టు మాత్రం వేయకూడదు. రెండు పూలతోటలు పోట్లాడుకుంటాయి.

ఈ మార్కెట్టుకు పేరు తెచ్చింది ఎగుమతి మిగులు సరుకు. విదేశీ దుకాణాల కోసం కుట్టి, లెక్కకు మించో చిన్న లోపం వల్లో ఇక్కడే ఆగిపోయిన బట్టలు. చాలావాటికి మెడ దగ్గర లేబుల్ కత్తిరించో గీత గీసో ఉంటుంది. శీతాకాలపు గుట్టల్లో ఎవరో వాడి వదిలేసిన పాత కోట్లూ కలుస్తాయి. అది తప్పేమీ కాదు, మంచి ఉన్ని కోటు చవగ్గా దొరికేది అక్కడే. కాకపోతే చంకల కింద కుట్లు, జిప్పు, లోపలి అస్తరు వెలుతురులోకి తెచ్చి చూడాలి. ఇంటికి తెచ్చాక ఉతికించి, ఎండలో ఆరేసి గానీ తొడుక్కోకూడదు. గుట్టల దగ్గర ట్రయల్ రూములుండవు, తిరిగి తీసుకోవడాలూ ఉండవు. అందుకే వెళ్లేటప్పుడే ఇన్నర్, గౌను వేసుకుని వెళ్లి, వాటిమీదే కోటు తొడిగి చేతులు పైకెత్తి చూడాలి. భుజాలు పట్టేస్తే ఎంత చవకైనా దండగే. మార్కెట్టుకు సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం వెళ్లేవారి ధైర్యానికి దండం పెట్టాలి.

ఉన్ని అని చెప్పి అమ్మే చవక స్వెట్టర్లలో చాలావరకు యాక్రిలిక్. ఇంటికొచ్చాక ఒక పోగు లాగి జాగ్రత్తగా కాల్చి చూస్తే తేలిపోతుంది. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేసి బూడిదవుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి ఉండవుతుంది. వెచ్చదనానికి యాక్రిలిక్ పనికిరాదని కాదు. ప్రమాదమంతా అద్దె గదుల్లో ఎర్రగా కాలే రాడ్ హీటర్లతోనే. వాటి పక్కన నేలకు రాసుకునే నూలు కుచ్చులకు మంట ఇట్టే అంటుకుంటుంది, పైనున్న యాక్రిలిక్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. హీటరుకు వీపు పెట్టి కూర్చునే అలవాటు మానుకోవాలి. గౌను అంచు చీలమండకు రెండు వేళ్లు పైకి మడిచి కుట్టించుకుంటే మెట్రో ఎస్కలేటర్‌తోనూ, స్కూటర్ చక్రంతోనూ కూడా పేచీ ఉండదు.

ఖర్చు పెట్టదలచుకుంటే ఒక్క మంచి ఉన్ని శాలువా మీద పెట్టాలి. గుట్టల్లో కాదు, ఒక స్టేషన్ అవతల ఉన్న ఐఎన్‌ఏ దిల్లీ హాట్‌లో. 1994లో మొదలైన ఆ సంతకు కశ్మీర్, కులు శాలువాలవాళ్లతో పాటు మన చేనేత కళాకారులూ వస్తుంటారు. ఒక జాగ్రత్త. ముదురు నీలి, ఎర్ర చేనేత బట్టలు మొదట్లో రంగు రాసుకుంటాయి. కొత్త ఇండిగో గౌను మీద తెల్ల శాలువా కప్పితే సాయంత్రానికి అది నీలి శాలువా. రెండు మూడు ఉతుకులయ్యాకే వాటిని కలపాలి. ఉతుకు విషయంలో ముదురు రంగులకు ఇంకో లాభముంది. నవంబర్ పొగ, దుమ్ములో తెల్ల గౌను ఒక్కపూట కూడా నిలవదు, పొగమంచు రోజుల్లో ఉతికిన మందపు బట్ట రెండు రోజులైనా ఆరదు. పలచటి నూలు గౌను ఫ్యాను కింద తెల్లారేసరికి సిద్ధం.

పేర్లలో ఒక చమత్కారం ఉంది. 2018 ఆగస్టులో పింక్ లైన్ ఇటు వచ్చాక, సౌత్ క్యాంపస్ విద్యార్థినులు దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పేరున్న స్టేషన్‌లో ఎక్కి సరోజినీ నాయుడు పేరున్న స్టేషన్‌లో దిగుతున్నారు. ఒకరు రాజమండ్రి బిడ్డ, మరొకరు 1879లో హైదరాబాద్‌లో పుట్టి, ఆ నగరపు బజార్ల మీద ఇంగ్లిష్‌లో కవిత రాసినావిడ. 2005 అక్టోబర్ 29న, దీపావళికి మూడు రోజుల ముందు, ఈ మార్కెట్లోనూ నగరంలో మరో రెండు చోట్లా పేలిన బాంబులు 60 మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ తర్వాతా చలికాలాలు వచ్చాయి, గుట్టలు లేచాయి.

ఫిబ్రవరి మధ్యకొచ్చేసరికి పొరలు ఒక్కొక్కటే ఊడతాయి. ముందు కోటు, తర్వాత నూగు లెగ్గింగ్స్, హోళీ నాటికి ఇన్నర్. ఉన్ని బట్టలు కలరా ఉండలతో ట్రంకు పెట్టెలోకి వెళతాయి. నవంబర్‌లో వేసుకున్న మంగళగిరి గౌను మాత్రం ఏప్రిల్‌లోనూ కొక్కేనికే ఉంటుంది.