కాలనీలోకి చిరుత వస్తే ఎవరికి చెప్పాలి? బోను పెడితే సమస్య తీరుతుందా?

రాత్రి పదకొండు దాటాక కాలనీ వాట్సాప్ గ్రూపులో ఓ సీసీ కెమెరా క్లిప్ పడుతుంది. మసక వెలుతురులో గోడ పక్కనుంచి ఏదో జంతువు నడిచి వెళ్తుంటుంది. 'మన వీధిలో చిరుత' అంటూ తెల్లారేసరికి అది ఊరంతా తిరుగుతుంది. అందరి నోటా ఒకటే మాట: 'బోను పెట్టి పట్టుకెళ్లండి'.

నిజంగా బోనుతో సమస్య తీరుతుందా? ఇలాంటప్పుడు ఏ శాఖ ఏం చేయాలి? మనం ఏం అడగొచ్చు?

పల్నాడుకు ఇది ఎంత దగ్గర?

పల్నాడు జిల్లా పడమటి అంచున నల్లమల ఉంది. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో చాలా పల్లెలకు అడవి కూతవేటు దూరమే. 2023లో దుర్గి మండలంలో పెద్దపులి ఆవును చంపడంతో అటవీశాఖ చుట్టుపక్కల ఊళ్లను అప్రమత్తం చేసింది.

చిరుతల సంఖ్య ఇంకా ఎక్కువ. 2022 గణన ప్రకారం దేశంలో 13,874 చిరుతలు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 569 ఉన్నాయి. 2018లో మన రాష్ట్రంలో ఉన్నవి 492. దేశంలోని టైగర్ రిజర్వుల్లో అన్నిటికంటే ఎక్కువ చిరుతలు ఉన్నది మన నాగార్జునసాగర్-శ్రీశైలంలోనే.

నరసరావుపేటలో ఉన్నవాళ్లకు ఇది దూరపు కబురు అనిపించొచ్చు. కానీ 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారు దివాన్‌చెరువు వాసులను, కడియం నర్సరీల రైతులను ఓ చిరుత రోజుల తరబడి హడలెత్తించింది. అదే ఏడాది ఏప్రిల్ చివర్లో శంషాబాద్ విమానాశ్రయంలోకి వచ్చిన చిరుతను మే మొదటి వారంలో పట్టుకుని, ఆమ్రాబాద్ టైగర్ రిజర్వులో వదిలారు.

అడవి వదిలి ఊళ్లోకి ఎందుకు?

పెద్దపులికి విశాలమైన అడవి, జింకల వంటి పెద్ద వేట కావాలి. చిరుతకు అంత పట్టింపు లేదు. కుందేలు, అడవిపంది, మేక, కుక్క... ఏది దొరికినా సర్దుకుంటుంది. పగలు పొదల్లోనో, రాళ్ల గుట్టల్లోనో నక్కి ఉండి, జనం పడుకున్నాక బయటికొస్తుంది.

మహారాష్ట్రలోని అకోలె ప్రాంతంలో చెరకు తోటల మధ్య బతికే చిరుతల ఆహారంపై చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. అవి తిన్న మాంసంలో బరువు లెక్కన 87 శాతం పెంపుడు, ఊర జంతువులదే. ఒక్క కుక్కల వాటాయే 39 శాతం.

అంటే చిరుత మన కోసం రావడం లేదు. చెత్తకుప్ప దగ్గర కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. మాంసం దుకాణాల వ్యర్థాలు రోడ్డు పక్కన పడేస్తే మనమే దారి చూపించినట్టు.

మరి బోను పెడితే?

మనుషులపై దాడి జరిగిన చోట బోను తప్పనిసరి కావచ్చు. 2023లో తిరుమల నడకమార్గంలో జూన్‌లో ఓ బాలుడు గాయపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల చిన్నారి ప్రాణం పోయింది. తర్వాత బోన్లు పెడితే కొద్ది వారాల్లోనే ఒకదాని తర్వాత ఒకటి చిరుతలు చిక్కాయి. ఒకదాన్ని తీసేసినంత మాత్రాన అక్కడ చిరుతలు లేకుండా పోవని దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే టీటీడీ పిల్లల ప్రవేశానికి సమయ పరిమితులు పెట్టి, భక్తులకు చేతికర్రలు ఇచ్చింది.

కేవలం కనిపించిందని పట్టి వేరేచోట వదిలితే ఒక్కోసారి ముప్పు పెరుగుతుంది. మహారాష్ట్రలోని జున్నర్‌లో పెద్దసంఖ్యలో చిరుతలను పట్టి తరలించాక, మనుషులపై దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయని పరిశోధకులు తేల్చారు. కొత్తచోట దారీతెన్నూ తెలియని జంతువు బెదిరి తిరుగుతుంది. ఖాళీ అయిన చోటుకు ఇంకో చిరుత వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిరుత, పెద్దపులి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువును పట్టుకోవడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి, ఉత్తర్వు ఇవ్వాలి. పట్టడం, మత్తు ఇవ్వడం, తరలించడం ఏదీ సాధ్యం కాదనుకుంటేనే చంపే మాట. ప్రాణరక్షణ కోసం ఎదుర్కొంటే నేరం కాదు. విషం పెట్టి, ఉచ్చు వేసి చంపితే మాత్రం 3 నుంచి 7 ఏళ్ల జైలు.

ఎవరి పని ఏమిటి?

అటవీశాఖ: పాదముద్రలు పరిశీలించడం, ట్రాప్ కెమెరాలు పెట్టడం, రాత్రి గస్తీ. మెత్తటి మట్టిలో పాదముద్ర కనిపిస్తే పక్కన స్కేలో, పెన్నో పెట్టి ఫొటో తీసి పంపండి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి ముద్రలో సాధారణంగా గోళ్ల గుర్తులు ఉండవు. కుక్క, దుమ్ములగొండి ముద్రల్లో ఉంటాయి.

మున్సిపాలిటీ, పంచాయతీ: చెత్త ఎత్తడం, వీధిదీపాలు, ఖాళీ స్థలాల్లో పొదల తొలగింపు, కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. బోను కోసం ధర్నా చేసే ముందు వీటి గురించి అర్జీ పెట్టండి.

పోలీసులు: జనాన్ని అదుపు చేయడం. రాత్రివేళైనా 112కు ఫోన్ చేయొచ్చు. మీ రేంజ్ ఆఫీసు నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఎదురుపడితే?

పరుగెత్తొద్దు, వంగొద్దు, కూర్చోవద్దు. పిల్లల్ని ఎత్తుకోండి. చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. చుట్టుముట్టి రాళ్లు వేయడం, సెల్ఫీలకు ఎగబడటం అన్నిటికంటే ప్రమాదం. పారిపోయే దారి లేకపోతే అది మీద పడుతుంది. చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపొద్దు. ఆరుబయట బహిర్భూమికి వెళ్లాల్సి వస్తే టార్చిలైటుతో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి.

గోరు గీసుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

పరిహారం ఎలా?

వన్యమృగాల దాడిలో మరణిస్తే ఇచ్చే ఎక్స్‌గ్రేషియాను కేంద్రం 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచింది. మేకో, దూడో చనిపోతే కళేబరాన్ని కదపకుండా ఫొటోలు తీసి, వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి. పంచనామా, పశువైద్యుడి ధ్రువీకరణ లేకపోతే పరిహారం రావడం కష్టం. కోపంతో కళేబరానికి విషం పూస్తే పరిహారం మాట అటుంచి, కేసు మెడకు చుట్టుకుంటుంది.

నల్లమల పక్కన ఉన్నంతకాలం చిరుతలూ ఉంటాయి. వాటిని ఇళ్ల మధ్యకు రానివ్వకపోవడం మాత్రం వీధి చివరి చెత్తకుప్ప, వెలగని దీపం, తలుపులేని మేకల దొడ్డి దగ్గర మొదలవ్వాలి.